తక్కువ స్టేక్స్ లైవ్ పోకర్‌లో రేక్ పోను మిగిలేది ఎంత?

తొమ్మిదో సీటు:

ఏడాదిగా క్యాసినోలో 1/2 నో లిమిట్ హోల్డెమ్, అంటే బెట్‌కు పరిమితి లేని పోకర్, ఆడుతున్నాను. కూర్చున్న వేళ, లేచిన వేళ, తెచ్చిన చిప్స్, తీసుకెళ్ళిన చిప్స్ అన్నీ ఆ రోజుకారోజు పుస్తకంలో రాసుకునే అలవాటు ఉంది. ఆ పుస్తకం ప్రకారం 240 గంటల ఆటలో మొత్తం మీద 360 చిప్స్ పోయాయి, అంటే గంటకు ఒకటిన్నర చిప్ నష్టం. కరెన్సీ ఏదైనా లెక్క మారదు కాబట్టి అన్నీ చిప్స్‌లోనే రాస్తున్నాను: కార్డులు పంచకముందే ఇద్దరు వంతులవారీగా తప్పనిసరిగా వేసే బ్లైండ్లలో స్మాల్ బ్లైండ్ ఒక చిప్, బిగ్ బ్లైండ్ రెండు చిప్స్.

నన్ను తొలుస్తున్న విషయం నష్టం కాదు, దాని కారణం. మా టేబుల్ మీద ఆడేవారిలో చాలామంది ప్రతి హ్యాండ్‌లోనూ (ఒక్కో పంపకంలోనూ) ఫ్లాప్, అంటే టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి కార్డులు, చూడాలనుకునేవారే. టాప్ పెయిర్ (టేబుల్ మీది అతిపెద్ద కార్డుతో జత) వస్తే చాలు, ఎంత పెద్ద బెట్‌నైనా కాల్ చేస్తారు, అంటే అంతే మొత్తం వేసి ఆటలో ఉంటారు. వారికంటే నేను జాగ్రత్తగానే ఆడుతున్నానన్న నమ్మకం ఉంది. అయినా డబ్బు చేతికి రావడం లేదంటే అది ఎక్కడికో పోతోందని అర్థం. అందుకే ఒక సాయంత్రం ఒక గంటసేపు డీలర్ చేతినే గమనిస్తూ కూర్చున్నాను.

రేక్ అంటే పాట్‌లోంచి, అంటే ఆ హ్యాండ్‌లో అందరూ వేసిన చిప్స్‌లోంచి, క్యాసినో తీసుకునే వాటా. మా దగ్గర ఫ్లాప్ పడితేనే రేక్ తీస్తారు. పాట్‌లో ప్రతి పది చిప్స్‌కు ఒకటి చొప్పున, గరిష్ఠంగా ఐదు తీస్తారు. అది కాక జాక్‌పాట్ (ఆటగాళ్ళ బహుమతి నిధి) కోసం మరో చిప్ పక్కన పెడతారు. ఆ గంటలో 31 హ్యాండ్స్ జరిగాయి. వాటిలో నాలుగు ఫ్లాప్‌కు ముందే ముగిశాయి. మిగిలిన 27 హ్యాండ్స్‌లో రేక్‌గా 103 చిప్స్, జాక్‌పాట్‌కు 27 చిప్స్, మొత్తం 130 చిప్స్ టేబుల్ కింది పెట్టెలోకి వెళ్ళాయి. తొమ్మిది మందికి పంచి చూస్తే తలా పద్నాలుగు చిప్స్‌కు పైగా, అంటే గంటకు ఏడు బిగ్ బ్లైండ్లు. ఆ అంకె రాసుకున్నాక కాసేపు హ్యాండ్ మీద మనసు నిలవలేదు.

ఇంత రేక్ ఉన్న ఆటలో దీర్ఘకాలంలో లాభం నిజంగా సాధ్యమేనా? సాధ్యమైతే, రేక్‌ను దృష్టిలో పెట్టుకొని ఆటలో ఏమేమి మార్చుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞుడిని.

లెక్కల పుస్తకం:

మీరు చాలామంది చేయని పని చేశారు, ఒక గంట కూర్చొని లెక్కపెట్టారు. అయితే ఆ 130 చిప్స్‌ను తొమ్మిదితో భాగించి నా వంతు పద్నాలుగు అనుకోవడంలో చిన్న పొరపాటు ఉంది. రేక్‌ను కుర్చీకి ఇంత అని ఎవరూ వసూలు చేయరు. అది గెలిచిన పాట్‌లోంచి పోతుంది కనుక గెలిచినవాడే కడతాడు. ఓడినవాడు పాట్‌లో వేసిన చిప్స్ రేక్ ఉన్నా లేకపోయినా పోయేవే. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న గంటకు నా వంతు ఎంత అని కాదు. నేను గెలిచిన పాట్లు ఎలాంటివి, వాటిలో ఎంత శాతం పోయింది అని. ఆ గంటలో మీరు ఎన్ని పాట్లు గెలిచారో, వాటి పరిమాణం ఎంతో గుర్తుందా?

తొమ్మిదో సీటు:

రాసుకున్నాను. మూడు గెలిచాను: 22 చిప్స్ పాట్ ఒకటి, 46 చిప్స్ పాట్ ఒకటి, 180 చిప్స్ పాట్ ఒకటి. మూడుసార్లూ డీలర్‌కు ఒక్కో చిప్ టిప్ ఇచ్చాను. మొదటి దానిలో ముగ్గురం ఉన్నాం, నేను వేసినవి ఏడు చిప్స్. మూడో దానిలో ఇద్దరమే మిగిలాం, నేను వేసినవి 85.

లెక్కల పుస్తకం:

మనకు కావలసినదంతా ఈ మూడు పాట్లలోనే ఉంది. మీ దగ్గరి నియమం ప్రకారం వాటి మీద రేక్ వరుసగా 2, 4, 5. ప్రతిదానికీ జాక్‌పాట్ చిప్ కలిపితే 3, 5, 6. మొత్తం 14, టిప్స్‌తో 17.

ఇప్పుడు చిన్న పాట్‌ను దగ్గరగా చూడండి. 22 చిప్స్ పాట్‌లో మీరు వేసినవి ఏడు పోను ఇతరుల నుంచి గెలిచినవి 15. అందులోంచి పెట్టెకు మూడు, టిప్‌కు ఒకటి పోగా మీకు మిగిలింది 11. అంటే గెలుపులో నాలుగో వంతుకు పైగా తరుగు పోయింది. పెద్ద పాట్‌లో ఇతరుల నుంచి గెలిచినవి 95, పోయినవి ఏడు, మిగిలినవి 88. ఇక్కడ తరుగు ఏడు శాతం కంటే కొద్దిగా ఎక్కువ. టేబుల్ ఒకటే, డీలర్ ఒకరే, నియమమూ ఒకటే. అయినా చిన్న గెలుపు మీద పడిన భారం పెద్ద దాని మీది భారానికి మూడు రెట్లు మించి ఉంది. రేక్‌ను అందరూ గంటకు కట్టే అద్దెలా ఊహించుకుంటారు. గరిష్ఠ పరిమితి ఉన్న రేక్ నిజానికి చిన్న పాట్ల మీద వేసే పన్ను. మీ నియమంలో పాట్ 50 చిప్స్‌కు చేరేసరికి తీయవలసినదంతా తీసేస్తారు. ఆ తర్వాత పాట్‌లో పడే ప్రతి చిప్ తరుగు లేని చిప్. తక్కువ స్టేక్స్‌లో లాభమా నష్టమా అన్నది చాలావరకు ఈ ఒక్క విషయం మీదే తేలుతుందని నా గట్టి నమ్మకం.

కాల్ చేసేటప్పుడు వేసుకునే లెక్క కూడా దీనివల్ల మారుతుంది. రివర్‌లో, అంటే చివరి ఉమ్మడి కార్డు పడ్డాక, పాట్ 20 ఉండగా ఎదుటివారు 20 బెట్ వేశారనుకోండి. రేక్ లేకపోతే 20 పెట్టి 60 గెలుస్తారు కనుక మూడింట ఒకసారి గెలిస్తే సరిపోతుంది. మీ దగ్గర ఆ 60లో ఆరు పోయి 54 మిగులుతుంది కాబట్టి 37 శాతం సార్లు గెలవాలి. అదే పాట్ 200 ఉండగా 100 బెట్ వస్తే కావలసిన 25 శాతం కాస్తా 25.4 శాతం అవుతుంది, అంతే. పెద్ద పాట్‌లో రేక్‌ను మరిచిపోయినా ఫరవాలేదు, చిన్న పాట్‌లో మరిచిపోతే ప్రతి కాల్‌లోనూ కొంత జారిపోతుంది.

ఫ్లాప్‌కు ముందు తీసుకునే నిర్ణయాల్లో ఇది మరింత కనిపిస్తుంది. బటన్ (ఫ్లాప్ తర్వాత చివరగా ఆడే సీటు) నుంచి ఒకరు పదికి రైజ్ చేశారు, అంటే బెట్ పెంచారు, స్మాల్ బ్లైండ్ ఫోల్డ్ అయ్యారు, అంటే కార్డులు వదిలేశారు, బిగ్ బ్లైండ్‌లో మీరు మరో ఎనిమిది వేయాలి. కాల్ చేస్తే పాట్ 21 అవుతుంది. ఆ తర్వాత బెట్లేవీ లేకుండా షోడౌన్‌కు (కార్డులు చూపించే దశకు) వెళ్తే, రేక్ లేని ఆటలో 38 శాతం గెలుపు చాలు. మూడు చిప్స్ తీసేశాక 44 శాతం కావాలి. బిగ్ బ్లైండ్‌లో ఉన్నాం, కొంత డబ్బు ఎలాగూ వేశాం అని చూసీ చూడనట్టు చేసే కాల్స్‌లో చాలా వాటికి ఆ 44 శాతం బలం ఉండదు. వాటిలో కొన్ని ఫోల్డ్ చేయవలసినవి, మరికొన్ని రీ-రైజ్ చేయవలసినవి. రీ-రైజ్‌కు అందరూ ఫోల్డ్ అయితే ఫ్లాప్ పడదు, రేక్ ఉండదు, పాట్ మొత్తం చెక్కుచెదరకుండా మీదే. ఎవరైనా కాల్ చేస్తే పాట్ త్వరగా పరిమితి దాటుతుంది. ఎలా చూసినా మధ్యేమార్గంగా కనిపించే కాల్ కంటే ఈ రెండు దారులే మేలు.

లింప్ చేయడం, అంటే రైజ్ చేయకుండా బిగ్ బ్లైండ్ మొత్తం మాత్రమే వేసి ఆటలోకి దిగడం, గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆరుగురు లింప్ చేసిన 12 చిప్స్ పాట్‌లో రెండు చిప్స్ పోతాయి, అంటే ఆరో వంతు. అలాంటి పాట్లు గెలిచినా ప్రాణం లేచిరాదు.

ఇక మీ అసలు ప్రశ్న. 27 పాట్లకూ ఒక్కో చిప్ టిప్ వేసుకుంటే మీ టేబుల్ నుంచి గంటకు 157 చిప్స్ బయటికి పోతున్నాయి. తొమ్మిది మందీ సరిసమానంగా ఆడితే ఒక్కొక్కరూ గంటకు 17 చిప్స్ పోగొట్టుకోవలసిందే. మీరు పోగొట్టుకున్నది ఒకటిన్నర. ఆ గంట మామూలు గంటే అనుకుంటే, మీరు ఆ టేబుల్ సగటు కంటే గంటకు దాదాపు 16 చిప్స్, అంటే ఎనిమిది బిగ్ బ్లైండ్లు మెరుగ్గా ఆడారు. జాగ్రత్తగా ఆడుతున్నానన్న మీ నమ్మకం ఉత్త భ్రమ కాదు. గంటకు పది చిప్స్ లాభం రావాలంటే సగటు కంటే 27 చిప్స్ మెరుగ్గా ఉండాలి. కష్టమే, కానీ మీరు వర్ణించిన టేబుల్‌లో అది అందని ద్రాక్ష కాదు.

పాత డీలర్:

చాలా ఏళ్ళు డీలర్‌గా పనిచేశాను కాబట్టి టేబుల్ అవతలి వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను.

ఫ్లాప్ పడిన తర్వాత పాట్ పెరిగే కొద్దీ మేము ఒక్కో చిప్‌ను పాట్‌లోంచి తీసి పెట్టె మూత మీద అందరికీ కనిపించేలా ఉంచుతాం. హ్యాండ్ ముగిసి పాట్ గెలిచినవారికి తోసిన తర్వాతే ఆ చిప్స్‌ను లోపలికి జారవిడుస్తాం. ఈ రెండింటి మధ్య ఉన్న కొద్ది సమయమే మీకు ముఖ్యం. ఎవరూ కాల్ చేయని బెట్‌ను తిరిగి ఇచ్చేయాలి, దానిని పాట్‌లో లెక్కగట్టకూడదు. ఉదాహరణకు పాట్ 38 ఉండగా మీరు 30 బెట్ వేస్తే అందరూ ఫోల్డ్ అయ్యారనుకోండి. మీ నియమం ప్రకారం రేక్ మూడే, ఐదు కాదు. హడావిడిలో కొత్త డీలర్లు ఇక్కడే తడబడతారు. చిప్స్ ఇంకా మూత మీద ఉండగానే మర్యాదగా చెబితే వెంటనే సరిచేస్తారు. లోపలికి పడిన తర్వాత సూపర్‌వైజర్‌ను పిలవాలి, ఆట ఆగుతుంది, అందరికీ ఇబ్బంది.

అందరూ ఫోల్డ్ అయ్యి రెండు బ్లైండ్లే మిగిలినప్పుడు చాప్ చేసుకోవడం, అంటే ఎవరి బ్లైండ్ వారు వెనక్కి తీసుకోవడం, చాలా చోట్ల అనుమతిస్తారు. స్మాల్ బ్లైండ్ ఆరుకు రైజ్ చేసి బిగ్ బ్లైండ్ కాల్ చేస్తే పాట్ 12, అందులో మీ దగ్గర రెండు చిప్స్ పోతాయి. ఇద్దరు సమాన ఆటగాళ్ళు అంత చిన్న పాట్ కోసం ఆరో వంతు పెట్టెకు సమర్పించడంలో అర్థం లేదు. అయితే చాప్ చేస్తారా లేదా అన్నది పక్క సీటువారితో మొదటే మాట్లాడుకోండి. మంచి కార్డులు వచ్చినప్పుడు ఆడి, రానప్పుడు చాప్ అడిగేవారికి టేబుల్ మీద గౌరవం ఉండదు.

టేబుల్ పలచబడినప్పుడు, అంటే ఐదుగురో నలుగురో మిగిలినప్పుడు, రేక్ తగ్గించమని అడిగితే చాలా పోకర్ రూములు ఒప్పుకుంటాయి. ఆటగాళ్ళు లేచిపోయి టేబుల్ మూతపడటం వారికీ నష్టమే. కానీ అడగాలి, అడగనిదే అమ్మైనా పెట్టదు.

టిప్ గురించి ఒక్క మాట. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు మొట్టమొదట కోసేది దాన్నే. చాలా చోట్ల డీలర్ సంపాదనలో పెద్ద భాగం టిప్సే. మీ లెక్కలో గంటకు మూడు చిప్స్ దానికి పోతే, 14 చిప్స్ పెట్టెలోకి పోయాయి. పొదుపు చేయవలసిన చోటు ఆ 14 అని నా అభిప్రాయం.

తొమ్మిదో సీటు:

ఇద్దరికీ ధన్యవాదాలు. కాల్ చేయని బెట్ విషయం నాకు తెలియదు, ఇకపై మూత మీది చిప్స్ గమనిస్తాను. మరొక సందేహం. ఇంకొక పోకర్ రూమ్‌లో పాట్ నుంచి ఏమీ తీయరు, అరగంటకు ఒక్కొక్కరి దగ్గర ఆరు చిప్స్ వసూలు చేస్తారు. అది మేలా? అలాగే 2/5కి వెళితే రేక్ భారం తగ్గుతుందని కొందరు అంటున్నారు, అది నిజమేనా?

నిదానం:

మొదట 2/5 సంగతి. రేక్ పరిమితి అదే ఐదు, జాక్‌పాట్ అదే ఒకటి అనుకుంటే భారం నిస్సందేహంగా తగ్గుతుంది. ఫ్లాప్ చూసిన 27 హ్యాండ్స్‌లో ప్రతిదానికీ పూర్తిగా ఆరు చిప్స్ తీసినా గంటకు 162, తలా 18. అక్కడ బిగ్ బ్లైండ్ ఐదు కనుక అది 3.6 బిగ్ బ్లైండ్లు. మీ 1/2లో అదే లెక్క 7.2 వచ్చింది. బ్లైండ్లు పెరిగినంతగా పరిమితి పెరగదు కాబట్టి, తరగతి పైకి వెళ్ళే కొద్దీ రేక్ కరుగుతుంది. అందుకే అతి తక్కువ స్టేక్స్‌లో ఆటగాళ్ళు బలహీనంగా ఉన్నా లాభం మిగలడం కష్టం, ఒక మెట్టు పైన ఆటగాళ్ళు కాస్త గట్టివారైనా కొందరికి లెక్క కలిసొస్తుంది.

కానీ ఇక్కడ లెక్కల పుస్తకం గారితో ఒక విషయంలో విభేదిస్తాను. మీ 240 గంటల ఫలితం నుంచి, మీరు సగటు కంటే 16 చిప్స్ మెరుగు అని తేల్చడం తొందరపాటు. నో లిమిట్ ఆటలో ఒక గంట ఫలితం వంద చిప్స్ అటూ ఇటూ ఊగడం మామూలు. ఆ ఊపును ప్రామాణిక విచలనంగా (ఫలితాలు సగటు చుట్టూ చెదిరే కొలతగా) తీసుకుంటే 240 గంటల సగటులో ఇంకా ఆరున్నర చిప్స్ మేర అనిశ్చితి మిగిలే ఉంటుంది. దానికి రెట్టింపు తీసుకొని చూస్తే మీ అసలు రేటు గంటకు 14 చిప్స్ నష్టం దగ్గర నుంచి 11 చిప్స్ లాభం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి గెలుపోటముల మొత్తం చూసి 2/5కి వెళ్ళాలా వద్దా అని నిర్ణయించకండి. రేక్ మాత్రం ఇలా ఊగదు. అది ప్రతి గంటా దాదాపు ఒకే తీరుగా పోతుంది, కొద్ది గంటలు గమనిస్తే తెలిసిపోతుంది. ఖచ్చితంగా తెలిసే ఖర్చును ముందు తగ్గించుకోవడం అందుకే మంచిది.

ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. తొమ్మిది మంది తలా 200 చిప్స్‌తో కూర్చుంటే టేబుల్ మీద 1800 ఉంటాయి. గంటకు 157 చొప్పున ఐదు గంటల్లో 785 పోతాయి, అంటే నూటికి నలభైకి పైగా. ఓడినవారు మళ్ళీ చిప్స్ కొనకపోతే ఆ టేబుల్ మీద గెలవడానికి మిగిలేది నానాటికీ తగ్గుతూనే ఉంటుంది. అందువల్ల లాభం కోసం ఆడేవారు తమ చేతిలోని కార్డులతో పాటు, టేబుల్ మీదికి కొత్త చిప్స్ వస్తున్నాయా లేదా అని కూడా చూడాలి. అందరూ జాగ్రత్తపరులై, ఎవరూ రీబై చేయని టేబుల్‌లో ఎంత బాగా ఆడినా గెలిచేది పెట్టె ఒక్కటే. అలాంటి చోటు నుంచి టేబుల్ మార్పించుకోవడానికి మొహమాటపడవద్దు. నేను మొహమాటంతో అలాంటి టేబుళ్ళ దగ్గర చాలా రాత్రులు పోగొట్టుకున్నాను.

జాక్‌పాట్ చిప్ పూర్తిగా పోయిన డబ్బు కాదు, ఎవరో ఒక ఆటగాడికి ఎప్పుడో తిరిగి వస్తుంది. కానీ అది మీకే వస్తుందని లెక్క వేసుకోకండి. ఆడిన గంటకు ఇంత అని, తాము ఇచ్చే ఆటగాళ్ళ కార్డు మీద కొంత విలువ జమ చేసే రూములు ఉంటాయి. ఆ కార్డు తీసుకోకుండా ఆడటం చేతులారా వదులుకోవడమే.

లెక్కల పుస్తకం:

నిదానం గారి సవరణను ఒప్పుకుంటున్నాను. 16 అన్న అంకెను మీ పుస్తకం చూపిస్తున్న అంచనాగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

అరగంట రుసుము గురించి. గంటకు 12 చిప్స్, అంటే ఆరు బిగ్ బ్లైండ్లు. మీరు లెక్కపెట్టిన గంటలో టిప్స్ కాకుండా పాట్ల నుంచి మీకు పోయినవి 14. కాబట్టి అంకెల్లో తేడా స్వల్పం. అసలు తేడా స్వభావంలో ఉంది. సమయానికి రుసుము కట్టే చోట పాట్ ఎంత చిన్నదైనా తరుగు ఉండదు కనుక, ఎక్కువ పాట్లలోకి దిగి ఎక్కువ గెలిచేవారికి అది లాభం. తక్కువ హ్యాండ్స్ ఆడి గంటకు ఒకటి రెండు పాట్లే గెలిచే బిగువైన ఆటగాడు మాత్రం ఆడని హ్యాండ్స్‌కూ రుసుము కట్టినట్టవుతుంది. బిగ్ బ్లైండ్‌లో ఇందాక నేను 44 శాతం కావాలన్న కాల్‌కు అక్కడ మళ్ళీ 38 చాలు. అంటే మీరు అక్కడికి వెళితే ఇక్కడి ఆటే అక్కడ ఆడకూడదు, మరిన్ని హ్యాండ్స్ ఆడాలి, లేకపోతే కట్టిన రుసుముకు ప్రతిఫలం రాదు. మరొకటి, పాట్ రేక్ ఉన్న చోట ఆట నెమ్మదించినా ఒక్కో హ్యాండ్‌కు పోయేది మారదు. అరగంట లెక్కన కట్టే చోట ఒకరు ప్రతి నిర్ణయానికీ రెండు నిమిషాలు ఆలోచిస్తే, ఆ ఆలోచనకు మిగతా ఎనిమిది మందీ డబ్బు కడుతున్నట్టే.

తొమ్మిదో సీటు:

ఇకపై నా పుస్తకంలో మరో గడి చేరుస్తున్నాను. ప్రతిరోజూ నేను గెలిచిన పాట్లను 50 చిప్స్ లోపువి, పైవి అని విడదీసి, వాటి నుంచి పోయిన చిప్స్ విడిగా రాస్తాను. వంద గంటలు పూర్తయ్యాక అంకెలు ఇక్కడే పెడతాను. ఆలోగా ఒక చిన్న సందేహం: రీ-రైజ్‌లు పెంచమన్నారు కదా, మా టేబుల్‌లో రీ-రైజ్‌కు ఎవరూ ఫోల్డ్ కారు. అప్పుడు బలహీనమైన కార్డులతో పెద్ద పాట్‌లో ఇరుక్కుంటాను కదా?

లెక్కల పుస్తకం:

అవును, అలాంటి టేబుల్‌లో రీ-రైజ్‌ను ఫోల్డ్ చేయించడానికి వాడకండి. బలమైన కార్డులకే పరిమితం చేసి, మొత్తం మాత్రం పెంచండి. పదికి రైజ్ వస్తే 30కి బదులు 40 చేయండి. ఒక్కరు కాల్ చేసినా పాట్ 80 దాటుతుంది, రేక్ పరిమితి ఫ్లాప్‌కు ముందే వెనకబడుతుంది, అక్కడి నుంచి వారు తప్పుగా వేసే ప్రతి చిప్ పూర్తిగా మీ వైపే వస్తుంది. బలహీనమైన కార్డులను ఆ పదికే ఫోల్డ్ చేసేయండి.